భువన మోడల్‌లో దూలం

దయ్యం అంటే నేను నవ్వే మనిషిని, పిల్లల్లారా. చిన్న వయసులో మిల్లులో షిఫ్టు ముగించుకొని ఒంటిగా నడిచి వచ్చినదాన్ని. "ఆ దోవలో ఏదో నిలబడి ఉంటాదంట అక్కా" అని తోటి ఆడోళ్ళు భయపెడితే, "నిలబడనీ, కాళ్ళు నొస్తే అదే కూర్చుంటాది" అనేదాన్ని. ఇప్పటికీ నాకు నమ్మకం లేదు. మీరు ఫోన్‌లో అడిగినారని, చూసినది చూసినట్టు చెప్తాను. ఒక మాట కూడా చేర్చను.

మీ భువనక్క, అదే మీ చిన్నమ్మ కూతురు, నా చేతిలో పెరిగిన బిడ్డ. ఆర్కిటెక్చర్ కాలేజీలో చివరి సంవత్సరం. ఆ సంవత్సరం ఒక్కొక్కరు ఒక కట్టడం తామే యోచన చేసి, గీసి, అట్టతో చిన్నదిగా చేసి చూపించాల. దాన్ని మోడల్ అంటారు. అందరూ కూర్చొని పని చేసే పెద్ద హాలు పేరు స్టూడియో.

మిగతా పిల్లలు ఎయిర్‌పోర్టు, మ్యూజియం అని ఎత్తుకొన్నారు. భువన మాత్రం తళవాయిపురం ఊర్లో నైటీలు కుట్టే ఆడోళ్ళకి ఒక షెడ్డు కడతాను అనింది. "ఏమే, ఇంత చదివి షెడ్డా?" అంటే, "నువ్వు ఎయిర్‌పోర్టులో ఎన్ని తూర్లు కూర్చున్నావు అమ్మమ్మా?" అని నా నోరు మూసింది.

గీసేది ముగిసింది. మోడల్ సగం అయింది. అప్పుడు జ్వరం పట్టింది. ఉట్టి జ్వరమే అనుకొన్నాము. తగ్గలేదు, ఆస్పత్రిలో చేర్చినాము.

ఒక సాయంత్రం మీ చిన్నమ్మ గంజి తెచ్చేదానికి ఇంటికి పోయింది. భువన ఫోను కూడా ఆమె సంచిలోనే ఉండింది. రూములో మేమిద్దరమే. బిడ్డ కళ్ళు తెరిచి, తెలివిగానే మాట్లాడింది.

"అమ్మమ్మా, దూలం పెట్టలేదు నేను."

"ఏ దూలం తల్లీ?"

"తూళి కట్టేదానికి. ఇప్పుడే తోచింది. కార్తిగతో చెప్పు."

తూళి అంటే మీకు తెలుసు కదా, చీరను దూలానికి కట్టి బిడ్డను పండబెట్టే ఊయల. తళవాయిపురంలో ఆ ఆడోళ్ళు మిషను పక్కనే తూళి కట్టి, కాలితో తొక్కుతా, ఒక చేత్తో బిడ్డను ఊపుతా కుడతారు. భువన గీసిన కొత్త రకం పైకప్పుకి దూలమే లేదు. చీర ఎక్కడ కడతారు, పాపం?

"బాగయినాక నువ్వే చెప్పుదువు, పండుకో" అన్నాను.

"లేదు, నువ్వు చెప్పు" అనింది.

నాతో ఆడిన కడపటి మాట అదే.

బిడ్డ పోయినాక ఆ మాట ఒకటి నా దగ్గర మిగిలిపోయింది. పదహారో దినం దాకా గడప దాటరాదు అన్నారు పెద్దోళ్ళు. ఫోన్‌లో చెప్పే మాట కాదు, ఎదురుగా పోయి చెప్పాల అనుకొన్నాను. ఇంతలో ఆ కార్తిగే ఫోన్ చేసింది. భువనతో చదివే పిల్ల. "పాట్టీ, భువన మోడల్ మేమందరం చేసి ముగించినాము. పరీక్షకి మా వాటితో పాటు పెడతాము. మీరు రావాల" అని అరవంలో, సొంత అమ్మమ్మను పిలిచినట్టు పిలిచి చెప్పింది. మీ చిన్నమ్మ పక్క మీది నుంచి లేవలేదు. పదహారో దినం ముగిసినాక నేను పోయినాను. ఒక పుల్ల జిగురుతో అంటించేదానికి ఎంత సేపు పడతాది? ఆ మాట చెప్పి, దూలం పెట్టించి రావాల అనేదే నా పని.

మధ్యాహ్నం. హాలు నిండా వెలుతురు. గోడలకి తగిలించిన కాగితాలు ఎగురుతాయని ఫ్యాన్లన్నీ ఆపేసినారు. భువన బెంచీ మీద పేరు రాసిన అట్ట పెట్టినారు. కార్తిగ నా చెయ్యి పట్టుకొని వివరంగా చెప్పింది. గోడలు ఒకరు, మెట్లు ఒకరు, పైకప్పు తను చేసినారంట. "డ్రాయింగులో ఉండేదే చేసినాము పాట్టీ. మేముగా ఒక్క గీత చేర్చలేదు. అది భువనది కదా." స్టూడియోలో ఒకరికి చేతకాకపోతే మిగతావాళ్ళు చేసి ఇచ్చే వాడుక ఉందంట, అయితే సొంత బుద్ధి చూపించరాదంట.

నేను నోరు తెరిచేలోగా బయట ఊరి నుంచి వచ్చిన పరీక్ష సారు వచ్చినాడు. పేరు చదివి రెండు చేతులూ జోడించినాడు. తర్వాత పైకప్పు మెల్లగా ఎత్తినాడు. లోపల చూసినాడు, గోడ మీది డ్రాయింగు చూసినాడు, మళ్ళీ లోపల చూసినాడు.

"ఈ దూలం డ్రాయింగులో లేదే, ఎవరు పెట్టినారు?"

పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకొన్నారు. "నువ్వా?" "నేను కాదురా, నువ్వు కదా లోపల చేసినావు?" కార్తిగ దగ్గరికి వచ్చి చూసింది. ముందు దినం సాయంత్రం పైకప్పు మూసింది తనే, అప్పుడు లోపల ఏమీ లేదు అనింది.

నేను వంగి చూసినాను. ఈ గోడ నుంచి ఆ గోడకి సన్న పుల్ల ఒకటి. దానికి నీలం గుడ్డ పీలిక, రెండు కొసలూ కట్టి, తూళి మాదిరి. అది ఊగుతా ఉండింది. పైకప్పు ఎత్తిన అదురు అనుకొన్నాను. నేను అక్కడ నిలబడినంత సేపూ అది ఆగలేదు.

ఆ పిల్లలు కుర్చీ వేసి నీళ్ళు ఇచ్చినారు. ఆస్పత్రి మాట అప్పుడు చెప్పినాను. ముందే భువన మీలో ఎవరితోనైనా అనిందా అని అడిగినాను. "లేదు పాట్టీ" అని కార్తిగ నా ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది. ఆ పిల్లలు అబద్ధం చెప్పినారని నేను అనుకోను. ఎవరైనా దాచినారే అనుకోండి, ఆ మాట వాళ్ళకి ఎట్లా తెలిసింది? ఎన్నో విధాల యోచన చేసి చూసినాను, తేలలేదు.

దయ్యం అని మాత్రం నా నోట రాదు. నా బాధ వేరే. అంత దూరం కాలేజీకి పోయి పని ముగించుకోగలిగిన బిడ్డ, దోవలోనే కదా మన వీధి, ఒక్క తూరి ఇంటికి వచ్చి పోయి ఉండరాదా? ఆ రాత్రంతా వాళ్ళమ్మ మేలుకొనే ఉండింది. నేను వాకిలి కూడా మూయలేదు.