పూర్ణచంద్రరావుగారి తలుపులు

తెరిచిన తలుపు కంటబడితే పూర్ణచంద్రరావుగారికి కాలూ చెయ్యీ ఆడదు. వేసేదాకా ఊరుకోరు. అది ఎవరి తలుపన్న విచక్షణ కూడా లేదు.

కంకిపాడులో తోడల్లుడి గృహప్రవేశానికి వెళ్ళి, అందరికన్నా ముందు లోపలికి దూరి సింహద్వారం మూసేశారు. పాలగిన్నెతో సహా గృహస్థులు వీధిలో ఉండిపోయారు. సిటీబస్సెక్కితే "దీనికి తలుపేదయ్యా?" అని కండక్టరుని నిలదీస్తారు.

"ఇదేం జబ్బండీ మీకు?" అని భార్య హైమవతి తల పట్టుకునేది.

"జబ్బు కాదు హైమా, ఉద్యోగం."

ఉద్యోగం విజయవాడలో ఓ పెద్ద ఆసుపత్రిలో. రోగుల స్కానింగులూ రిపోర్టులూ దాచే కంప్యూటర్ల గదికి ఆయన ఇన్‌ఛార్జి. అక్కడ నిప్పంటుకుంటే నీళ్ళు కొట్టకూడదు, మిషన్లు పాడైపోతాయి. సిలిండర్లలోంచి నిప్పునార్పే గ్యాసు వదలాలి. ముందు సైరన్ మోగుతుంది, మనుషులు బయటికి రావాలి, తలుపు మూయాలి, కాసేపటికి గ్యాసు దానంతటదే వస్తుంది. తలుపు తెరిచి ఉందా, గ్యాసు వరండా పాలు, గది బూడిద పాలు.

మొన్న వేసవిలో ఓ మధ్యాహ్నం ఆ గదిలో వైర్లు కాలి పొగ లేచింది. సైరన్ మోగింది. అందరూ బయటికి పరిగెత్తారు.

"తలుపెయ్యండి సార్!" అని అరిచాడు మేనేజరు హర్షవర్ధన్.

"వెయ్యను."

"ఆ మాట అంటున్నది మీరేనా?"

"అమలమ్మ లోపలుందయ్యా!"

గది ఊడ్చే అమలమ్మకు వినికిడి తక్కువ. పూర్ణచంద్రరావుగారు తలుపు పక్కన, గ్యాసును ఆపి ఉంచే బటన్ మీద హర్షవర్ధన్ చెయ్యి పెట్టించారు. "నేనొచ్చేదాకా నొక్కి పట్టుకో. చెయ్యి తీశావో, చూడు!" అని పొగలోకి దూరారు.

మిషన్ల వెనక నుంచి అమలమ్మను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చారు. "ఇంకా సగం ఊడవలేదండీ!" అని ఆవిడ గొడవ. తలుపు పడింది. హర్షవర్ధన్ చెయ్యి తీశాడు. గ్యాసు బుస్సుమంది. నిప్పు చచ్చింది. ఒక్క రిపోర్టు పోలేదు.

ఇంటికెళ్ళి ఆయన ఈ ముక్క చెప్పనే లేదు. మర్నాడు అమలమ్మే మామిడిపళ్ళు పట్టుకొచ్చి హైమవతికి చెప్పింది.

"తలుపేసే ముందు ప్రతిసారీ లోపలికి తొంగిచూస్తారమ్మా, ఎవరన్నా ఉండిపోయారేమోనని. నేనేమూల ఊడుస్తున్నానో ఆయనకెప్పుడూ తెలుసు. ఇప్పుడు నాకోసం సైరన్‌తోపాటు ఎర్రలైటు కూడా వెలిగేట్టు పెట్టిస్తున్నారు."

హైమవతి గుండె పొంగిపోయింది. వెంటనే హనుమాన్ జంక్షన్‌లో ఉన్న అన్నయ్యకు ఫోను కొట్టింది.

"మీ బావగారు మంటల్లోంచి నలుగుర్ని మోసుకొచ్చారన్నయ్యా!"

"ఒక్కరేనోయ్," అన్నారు పూర్ణచంద్రరావుగారు సిగ్గుపడుతూ.

"మీరూరుకోండి. అంత పొగలో మీకేం కనబడి ఉంటుంది!"