ఇరవై ఐదు డిగ్రీల లేజర్

మనిషిని గుంతలోకి దించే ముందు గాలిలో గ్యాస్‌ను కొలిచే పెట్టె సున్నా చూపిస్తే, ఆ సున్నా నిజమేనా అని మీరెప్పుడైనా అడిగారా? నేనూ అడగలేదు. అడగాల్సిన ఉద్యోగంలో ఉండి కూడా అడగలేదు.

కర్నూలు దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. పత్తికొండ మార్కెట్టులో కుళ్లిన టమోటాలతో నడిచే రెండు బయోగ్యాస్ గుంతల కోసం మా విభాగం, లోపల ఊపిరాడనివ్వని మీథేన్ గ్యాస్‌ను కొలిచే పెట్టె తయారుచేసింది. దాని ప్రాణమంతా ఒక చిన్న ఇన్‌ఫ్రారెడ్ లేజర్‌లో ఉంది. కంటికి కనిపించని ఆ కాంతి సరిగ్గా ఒక తరంగదైర్ఘ్యం దగ్గర నిలిస్తేనే మీథేన్ దాన్ని మింగుతుంది, పెట్టెకు గ్యాస్ సంగతి తెలుస్తుంది. లేజర్ వేడెక్కితే పక్కకు జరుగుతుంది. జరిగిందా, గ్యాస్ ఎంత ఉన్నా పెట్టెకు లేనట్టే.

లేజర్‌ను కొలిచే పని నాది. ఎంత కరెంటుకు వెలుగుతుంది, ఎంత కాంతి ఇస్తుంది, ఎక్కడ నిలుస్తుంది, ఇవన్నీ చూడాలి. ఏప్రిల్‌లో మా ల్యాబు నలభై డిగ్రీలు దాటింది. లేజర్‌ను చల్లబరిచే చిప్పు చేతులెత్తేసింది. కాంతి తగ్గింది, తరంగదైర్ఘ్యం జారింది. అదంతా పట్టికలో రాసి విభాగాధిపతికి ఇచ్చాను.

"ఏమప్పా, టెస్టు ఫారంలో ఇరవై ఐదు డిగ్రీల కాడ కొలవాలని అచ్చేసి ఉండాది కదా. నలభై ఎవరడిగినారు నిన్ను?"

"పత్తికొండ ఎండ అడుగుతాది సార్."

"ఎండ సంతకం పెట్టదులే. పోయి ప్రిన్సిపాల్ రూములో కొలువు. ఆడ ఏసీ ఉండాది."

పరికరాలన్నీ మోసుకెళ్లి ప్రిన్సిపాల్ టీపాయ్ మీద పరిచాను. అడ్మిషన్ల కోసం వచ్చినవాళ్లు నా తీగలు దాటుకుంటూ తిరిగారు. ఆ చల్లదనానికి లేజర్ బుద్ధిగా నిలిచింది. నలభై డిగ్రీల వరుస కొట్టేసి, కొత్త పట్టిక మీద సంతకం చేశాను. పరీక్షించి చూడందే దేన్నీ నమ్మొద్దని, ముహూర్తాలు నమ్మేవాళ్లను వేదికలెక్కి కడిగేసినవాణ్ణి, అచ్చేసిన ఒక అంకె ముందు నోరు మూసుకున్నాను.

మే నెలలో ఒక గుంతలో పూడిక తీసే రోజు పెట్టెతో నన్నే పంపారు. పెట్టె ఎండలో కాలుతోంది. దిగడానికి నడుముకు తాడు కట్టుకున్న పెద్దాయన అంకె ఎంతని అడిగాడు. సున్నా అన్నాను. గర్వంగానే అన్నాను.

ఆయన దిగలేదు. పెట్టె తీసుకుని మార్కెట్టు క్యాంటీన్‌కు నడిచాడు. అక్కడ రెండో గుంత గ్యాసుతో టీ కాస్తారు. మంట ఆర్పి, ట్యాపు మళ్లీ తిప్పి, బుస్సుమంటున్న పొయ్యి మీద పెట్టెను పట్టాడు.

"ఈడ కూడా సున్నానే చూపిస్తాండాది సార్. నా ముక్కుకు తెలుస్తాండాది, దీనికి తెలీలేదే?"

"ఎండకు సొమ్మసిల్లినట్టుండాది," అంది క్యాంటీన్ ఆమె ట్యాపు కట్టేస్తూ. "దానిగ్గూడా మజ్జిగ తాపు సార్."

అందరూ నవ్వారు. ఆయన నడుముకున్న తాడు చూస్తూ నేను నవ్వలేకపోయాను. వేదికల మీద నేను జీవితమంతా చెప్పిన పరీక్ష ఆయన రెండు నిమిషాల్లో చేశాడు. లేజర్ గురించి ఒక్క ముక్క తెలియకుండా చేశాడు.

నా సంతకం వెనక్కి తీసుకుంటున్నానని రాసి, నలభై డిగ్రీల వరుస మళ్లీ చేర్చి ఇచ్చాను. ఆ కాగితం ఇంకా విభాగాధిపతి బల్ల మీదే ఉంది. ఫారంలో దానికి గడి లేదట.

ఫారం మారేదాకా ఆగకండి. మీ ఊరికి ఇలాంటి పెట్టె వస్తే, ఆ రోజు ఎండలోనే, గ్యాస్ ఉందని తెలిసిన చోట ముందు పెట్టించండి. అంకె కదిలేదాకా ఎవరి నడుముకూ తాడు కట్టనివ్వకండి.