హాస్టలు మెట్ల టేకు కట్టె

మా మేనత్త ఇరవై ఏళ్ళు వార్డెనుగా పనిచేసిన బెంగళూరు కాటన్‌పేట ఆడపిల్లల హాస్టలును బాగుచేస్తున్నారనీ, కొయ్య మెట్లు పీకేసి రాతిమెట్లు కడుతున్నారనీ అక్కడ ఉండి చదువుకున్న ఒకామె వచ్చి చెప్పింది. ఎనభైల మొదట్లో సంగతి. తుంటి విరిగి అతుక్కున్నాక అత్త గోడో నా భుజమో పట్టుకుని తప్ప నడిచేది కాదు. చేతికర్ర తెస్తే మంచం కిందికి తోసేసింది. అలాంటి మనిషి, "ఆ మెట్ల కట్టె ఒక తునకైనా నాకు కావల్ల. పోదాం పద" అంది.

పులిహోర పొట్లం కట్టుకుని, హిందూపురంలో పొద్దున్నే ప్యాసింజరెక్కాం. దొడ్డబళ్ళాపురంలో రైలెక్కిన, మగ్గం నేసే ఒకామె మా మాటలు విని నవ్వింది. "పాత కట్టె కోసరం ఇంత దూరమా పెద్దమ్మా?"

"ఎంతమంది పిల్లోళ్ళు దాన్ని పట్టుకోని ఎక్కి దిగినారో నీకేం తెలుసు తల్లీ," అంది అత్త.

బెంగళూరు సిటీ స్టేషనులో దిగి, ఆటోలో కాటన్‌పేట చేరేసరికి పదకొండయింది. మెట్లు అప్పటికే ఊడదీసి వాకిట్లో కుప్పపోశారు. పక్కనే లారీ. మేస్త్రీ మమ్మల్ని గుమ్మంలోనే ఆపాడు. "అంతా కట్టెల డిపోకు అమ్మేసినామమ్మా. ఒక్క తునక గూడా ఇచ్చేదానికి లేదు."

అత్త నా భుజం పట్టుకుని కుప్ప దగ్గరికి నడిచి, మెట్ల పక్కన చేత్తో పట్టుకునే ఆ పొడవాటి టేకు కట్టె మీద కూర్చుంది. "నేను కూచోని ఉండేది తప్ప మిగతాదంతా ఎత్తుకో అప్పా."

కూలీలు నవ్వారు. లారీ నిండుతూ పోయింది. ఎండ నెత్తికెక్కింది. పులిహోర అక్కడే తిన్నాం. చివరికి కాంట్రాక్టరు వచ్చాడు, కాటన్‌పేట తెలుగాయనే. "దీంతో ఏం చేసుకుంటావమ్మా?" అని అడిగాడు.

"చేతికర్ర," అంది అత్త. నేను నోరెళ్ళబెట్టాను.

ఆయన వడ్రంగిని కేకేశాడు. నడుము ఎత్తుకు కొలిచి కోశారు. కింది భాగం సన్నగా చెక్కి, అడుగున రబ్బరు బిగించారు. పైభాగం మీద చిత్రిక పట్టబోతుంటే అత్త గబుక్కున అరచేత్తో మూసేసింది. "ఆడ వద్దు నాయనా. పిల్లోళ్ళ చేతులు నున్నగా చేసిన తావు అది."

సాయంత్రం రైలు కిటకిటలాడుతోంది. ఒకాయన లేచి అత్తకు చోటిచ్చాడు. ఆమె కట్టె మీద వేలు రాస్తూ, దాని మీద నుంచి జారుతూ దిగి దెబ్బలు తిన్న పిల్ల గురించి దారంతా చెప్పింది. పాత కట్టడం నుంచి ఒక గుర్తు తెచ్చుకోవాలనుకునేవాళ్ళకు నేను చెప్పేదొకటే: విప్పుతున్నారని తెలిసిన రోజే బయల్దేరండి. డిపోకు చేరాక ఏ కట్టె ఏ ఇంటిదో ఎవరూ చెప్పలేరు.

హిందూపురంలో దిగేటప్పుడు అలవాటుగా భుజం వంచాను.

"నువ్వు సంచి పట్టుకో," అంది అత్త. ప్లాట్‌ఫారం పొడుగునా ఆమె ముందు, నేను వెనక నడిచాం.