రాష్ట్రం రాకముందే పోయిన మామ

మా మామ పోయారు. ఎమ్మిగనూరు ఆసుపత్రి నుంచి మా ఆయన ఫోన్ చేసి "నాయన లేడు" అన్నప్పుడు నేను బడిలో హాజరు పిలుస్తున్నాను. పలకడానికి పెద్దగా ఎవరూ లేరు. మిరప కోతల కాలం. ఊళ్లో కూలి చేసుకునే ఇళ్లవాళ్లు దాదాపు అందరూ గుంటూరు వైపు సుగ్గికి పోయారు. మా పల్లెల్లో కూలి కోసం వలస పోవడాన్ని సుగ్గి అంటారు. ఆ మాట వింటే చాలు, మామ ముఖం ముడుచుకుపోయేది. ఆయన బతుకంతా ప్రత్యేక రాయలసీమ రాష్ట్రం కావాలని అడిగింది అందుకే. మన రాష్ట్రం మనకుంటే తుంగభద్ర నీళ్లు మన చేలకు వస్తాయి, ఊరివాళ్లు ఊళ్లోనే ఉంటారు. ఇదే ఆయన లెక్క.

ఇంత చెప్పాను కదా అని ఆయన్ను ఆకాశానికి ఎత్తుతాననుకోకండి. ఆ ఇంట్లో పదహారేళ్లుగా కోడలిని. నన్ను ఆయన విసిగించినట్టు ఇంకెవరూ విసిగించలేదు.

మావాడి స్కాలర్‌షిప్ దరఖాస్తు నింపమని చేతికిస్తే, రాష్ట్రం అన్నచోట 'రాయలసీమ' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి పంపారు. అది తిరిగొచ్చేసరికి గడువు దాటిపోయింది. నేను గొంతు చించుకున్నాను.

"ఏంటికమ్మా అరుస్తావు? ఒకరు రాస్తే గదా ఇంకొకరు రాసేది. అడగందే అమ్మయినా పెట్టదు" అన్నారు నింపాదిగా.

ఆ పెద్దమనిషికి గుంటూరు కారం ఇంట్లోకి రాకూడదు. కన్నడ వైపు నుంచి వచ్చే బ్యాడిగి మిరపకాయలే కావాలి. వాటికి రంగే గానీ ఘాటు తక్కువ. నేను ఆదోనిలో గుంటూరు కారం కొని గుట్టుగా అందులో కలిపేదాన్ని. "చూడమ్మా, మన పక్క కాయకు ఎంత రుచి ఉండాదో" అంటూ ఆయన ఇంకో ముద్ద తినేవారు. నేను నోరు మెదపలేదు. ఇప్పుడు మీతో చెబుతున్నాను.

ఇక ఆయన పెట్టిన రాష్ట్ర సాధన సమితి. సమితి అంటే వేలాది జనం కాదు. మామ, ఆదోని నుంచి ఒక వకీలు, ఎమ్మిగనూరు నుంచి రిటైరైన లెక్కల మాస్టారు. కూర్చునేది మా వసారాలో, టీలు పెట్టేది నేను. ఒకరోజు విన్నపం రాయడానికి కూర్చున్నారు. మొదటి వాక్యం పూర్తి కాకముందే, రాష్ట్రం వస్తే మన పక్క కొత్త జిల్లా చేస్తారు కదా, దానికి ముఖ్యపట్టణం ఏదని మాట వచ్చింది.

"ఆదోని గాక ఇంకేముండాదప్పా? పత్తి మార్కెట్టు ఉండాది, రైలుండాది" అన్నాడు వకీలు.

"రైలు దేనికి, జనం ఎక్కి సుగ్గికి పోయేదానికేనా? మగ్గాలుండే ఊరు మాది" అన్నారు మాస్టారు.

చివరికి ఇద్దరూ నా వైపు తిరిగి, "నీ పుట్టినిల్లు ఆదోని, మెట్టినిల్లు ఈ పక్క. నువ్వు సెప్పమ్మా" అన్నారు.

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. టీ సల్లారిపోతాంది, తాగండి" అన్నాను. మామ ఒక్కరే నవ్వారు. తక్కిన ఇద్దరూ రెండేళ్లు మాట్లాడుకోలేదు. వాళ్లిద్దరి మధ్య కబుర్లు మోస్తూ మామ ఆదోనికీ ఎమ్మిగనూరుకూ బస్సుల్లో తిరిగారు. మోకాళ్లు అరిగింది అక్కడే.

ఎట్లాగో ఇద్దర్నీ కలిపి ఒకరోజు రాస్తారోకో పెట్టించారు. పంచాంగం చూసి మంచి రోజు మామే ఎంచారు. సుగ్గికి పోయేవాళ్లు కూడా పంచాంగం చూసే బయలుదేరతారని ఈ ముగ్గురు మేధావుల్లో ఒక్కరికీ తట్టలేదు. తెల్లారేసరికి రోడ్డుకు అడ్డంగా రాళ్లు, ఆ రాళ్లకు అవతల మా ఊరి జనంతో నిండిన లారీ. బియ్యం మూటలు, సత్తు గిన్నెలు, చంకల్లో పిల్లలు. ఎండ నడినెత్తికొచ్చింది. మా ఎదురింటి అక్క లారీ దిగి మామ ముందుకొచ్చి నిలబడింది.

"నాయనా, నీ రాష్ట్రం ఎప్పుడొస్తాదో ఏమో. ఈ పొద్దుటి కూలి మాత్రం పోయె. రాష్ట్రమొచ్చేదాంక మేం ఏం తినల్ల?"

ఆమె గొంతు పెంచలేదు. మామ లేచి తన చేతులతోనే రాళ్లు పక్కకు లాగారు. వకీలు వద్దు వద్దంటున్నా వినలేదు. లారీ కనుమరుగయ్యేదాకా అక్కడే నిలబడి, ఇంటికొచ్చి అన్నం ముట్టకుండా కూర్చున్నారు.

"వాళ్లు పోకూడదనే గదమ్మా నేను కూసుండింది. కూలికి పోయేటోళ్లకు నేనే అడ్డం పడితిని" అన్నారు. ఆయన మీద నాకున్న కోపమంతా ఆ పూట ఎటు పోయిందో తెలియదు.

ఆ మరుసటి ఏడాది నుంచి, సుగ్గికి పోయేవాళ్ల పిల్లల్ని నలుగురైదుగుర్ని మా ఇంట్లోనే అట్టిపెట్టుకున్నారు. పెద్దవాళ్లు పోయినా పిల్లల బడి మానకూడదని ఆయన పట్టుదల. వండి పెట్టేది ఎవరు? నేనే. సణుగుతూనే వండాను. పోయిన ఏడు వాళ్లలో ఒక అమ్మాయి పదో తరగతి పాసైంది. మామ ఆ పిల్ల మార్కుల కాగితం పట్టుకొని ఊరంతా తిరిగి, చివరికి నా దగ్గరికొచ్చి, "రాష్ట్రం తేలేకపోతిని గానీ, ఇది మాత్రం మనిద్దరం తెచ్చినాం" అన్నారు. నన్ను కూడా లెక్కలో కలిపినందుకు నాకు ఏడుపొచ్చింది.

పోయినవారం ఆయన్ను ఇంటికి తెచ్చాం. ప్రత్యేక రాష్ట్రం అంటూ ఆయనతో ఫొటోలు దిగినవాళ్లంతా ఫోన్లలోనే పరామర్శించారు. దేవనకొండ చుట్టాలు ఇంకా దారిలోనే ఉన్నారు. పొద్దు మీరిపోతోందని పెద్దలు తొందరపెట్టారు. కొడుకు కాబట్టి మా ఆయన నిప్పుకుండ పట్టుకొని ముందు నడవాలి. పాడె మోయడానికి వకీలు, మాస్టారు, మా తమ్ముడు. నాలుగో భుజం లేదు. ఊళ్లో మిగిలింది ముసలివాళ్లూ బాలింతలూ. ఆయన భయపడింది ఇదే. ఆయన చావు రోజునే మా కళ్లముందుకొచ్చి నిలబడింది.

బాలింతలని ఆగిపోయిన ముగ్గురిని మిరప చేలకు తీసుకుపోవడానికి ఆ ఉదయమే వచ్చిన వ్యాను మా వీధి చివర ఆగి ఉంది. దాని డ్రైవరు దిగి వచ్చాడు. మనిషి బాగా పొడుగు.

"నేను పడతానండి" అన్నాడు.

"నీది ఏ ఊరప్పా?" అని అడిగాడు వకీలు.

"గుంటూరు పక్కనండి."

వకీలూ మాస్టారూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఇంకా ఏం సూస్తాండారు? ఎత్తండి" అన్నాను. డ్రైవరు చెప్పులు విడిచి, తువ్వాలు భుజాన వేసుకొని, మాస్టారి పక్కన వెనక కొమ్ము పట్టుకున్నాడు.

ఎత్తగానే పాడె ఒక పక్కకు ఒరిగింది. మిగిలిన ముగ్గురూ అతని భుజం కిందికే వస్తారు. అతను ఒక్క క్షణం ఆగి, మోకాళ్లు వంచి, తన భుజాన్ని వాళ్ల ఎత్తుకు దించాడు. మామ ఒరగకుండా, శ్మశానం దాకా అట్లా మోకాళ్లు వంచుకునే నడిచాడు.