తోమిన వెండి నాణెం

మూడు నెలలకని ఐర్లండులోని గాల్వే వచ్చి, కరోనాకి విమానాలు ఆగిపోవడంతో మా అమ్మాయి దగ్గరే ఉండిపోయాను. తను ఆసుపత్రిలో నర్సు, రోజూ వాడిపోయి వచ్చేది. పాలడబ్బా దగ్గర్నుంచి తాళంచెవి దాకా బయటినుంచి వచ్చిన ప్రతిదీ కడగడమే నా పని. కడిగి కడిగి చేతులు పగిలాయి.

పక్కింటి ముసలాయన ఒంటరివాడు. బాగా ముసలివాళ్లు గడప దాటకూడదని ప్రభుత్వం చెప్పిందని ఆయనకు సరుకులు అమ్మాయే తెచ్చేది. శుక్రవారాలు నేను ఆయన కిటికీ గట్టు మీద పప్పన్నం పెట్టేదాన్ని. ఆయన అక్కడే ఒక కవరులో తను పోగుచేసుకున్న రోమువాళ్ల పాత వెండి నాణేల్లో వారానికొకటి ఉంచేవాడు, చూసి వచ్చే శుక్రవారం తిరిగివ్వమని. ఆయన భాష నాకు రాదు. ఆ వారాల్లో నేను ఎదురుచూసిందంటూ ఉంటే ఆ కవరు కోసమే.

మాది విగ్రహాలకు మొక్కే ఇల్లు కాదు. మొదటి నాణెం మీద ఇనుప టోపీ దేవత ఉంటే బోర్లించి పెట్టాను. వెనకవైపు గుర్రాల మీద ఇంకో ఇద్దరు దేవుళ్లు! మూడోదాని మీద రెక్కలున్న ఆవిడ రెండు గుర్రాల బండి తోలుతోంది. దేవదూత అనుకుని స్థిమితపడ్డాను. కానీ మసిపట్టినట్టు నల్లగా ఉంది. మా ఊరి చర్చిలో ప్రభు బల్లకి ద్రాక్షరసం పోసే వెండి గిన్నె ఇన్నేళ్లూ తోమింది నేనే. చారుకు పిండిన చింతపండు పిప్పి పారేయకుండా దాస్తాను. దాంతో, ఉప్పుతో గట్టిగా రుద్దాను. తళతళలాడింది.

డ్యూటీ నుంచి వచ్చిన అమ్మాయి అది చూసి కుర్చీలో కూలబడింది.

“అమ్మా, ఆ నలుపు రెండు వేల ఏళ్లది! మొహం నిండా గీతలు పడ్డాయి చూడు.”

“వెండి నల్లబడితే ఇంట్లో ఆడదిక్కు లేదనుకుంటారే.”

“ఆయనకి లేదు కదా! పైగా అది దేవదూత కాదు, వాళ్ల గెలుపు దేవత.”

“నువ్వే చెప్పవే ఆయనకి.”

“తోమింది నువ్వు. నాకు ఓపిక లేదమ్మా.”

ఇక నాణేలు రావనుకున్నాను. శుక్రవారం కిటికీ ముందు నిలబడి నాణెం చూపించి, రుద్దినట్టు చెయ్యి ఆడించి, చెవులు పట్టుకున్నాను. ఆయన అది తీసుకుని భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. “గ్రాండ్, గ్రాండ్” అన్నాడు. బాగున్నా బాగోకపోయినా ఇక్కడివాళ్లు అదే అంటారట.

తర్వాతి శుక్రవారం కవరు ఉంది. లోపల నాణెం లేదు, ఇంకో నాణేనికి రెండు వైపులా తీసిన రెండు ఫోటోలున్నాయి. తిరిగివ్వక్కర్లేదని రాశాడని అమ్మాయి చదివి చెప్పింది. పప్పన్నం పెట్టి వచ్చాను. ఆయన్ని ఏమనను? నేనైనా అంతే చేసేదాన్ని.