రజియా అత్త ఫెయిలైన సంవత్సరం

నిన్న పొద్దున ఏడింటికి రజియా అత్త నంబర్ నుంచి ఫోన్ వచ్చింది. తిట్టడానికే చేసిందనుకుని ఎత్తాను.

మాట్లాడింది అత్త కాదు. వాళ్ళ తమ్ముడి కూతురు.

"అక్కా, అత్త లేవట్లేదు. డాక్టరొచ్చి చూశారు. గుండె ఆగిపోయిందంట."

నేను "సరే" అన్నాను. అంతే. చావు కబురు చెబితే ఎవరైనా సరే అంటారా?

సాయంత్రానికి ఖబరస్తాన్‌కి తీసుకెళ్ళిపోయారు. ఆడవాళ్ళం వాకిట్లోనే ఆగిపోయాం. నాకింకా ఇది నిజమని అనిపించడం లేదు.

తిరువూరులో ఆమె వరండాలో ట్యూషన్ చదివిన వాళ్ళందరికీ ఈ పోస్ట్.

ఆమెను ఎరగని ఫ్రెండ్స్ కోసం చెబుతున్నాను. రజియా అత్తకి పసితనంలోనే పోలియో వచ్చి రెండు కాళ్ళూ పోయాయి. మా వీధి పిల్లలందరికీ ఆమే చదువు చెప్పింది. మా అమ్మానాన్నలది వేలిముద్ర. ఇంట్లో మొదట బడికి వెళ్ళింది నేనే. ఈ జూన్‌లో టీచర్‌గా చేరాను. ఆమె లేకపోతే ఆ ఉద్యోగమూ లేదు, ఈ పోస్ట్ రాయడమూ లేదు.

అసలు సంగతి చెప్పాలి. చెప్పడానికి సిగ్గుగా ఉంది.

శనివారం నేనే ఆమెకి ఫోన్ చేశాను. మా థర్డ్ క్లాసులో ఒక పాపకి సరిగా వినపడదు. తెలుగు టెస్టులో ఆ పాపకి యాభైకి పద్దెనిమిది మార్కులు వేసి పాస్ చేశానని గొప్పగా చెప్పాను.

"ఏం రాసిందే?"

"పేరు రాసింది అత్తా. ఒక జవాబు సగం."

"మరి పద్దెనిమిది ఎక్కణ్ణుంచి వచ్చినయ్?"

"పాపం కదా..."

అత్త ఒకటే మాట అంది. "నన్నూ ఇట్టాగే పాస్ చేశారే మూడేళ్ళు." ఫోన్ పెట్టేసింది.

నాకు కోపం వచ్చింది. మంచి పని చేస్తే తిడుతుందేంటి అనుకున్నాను. తిరిగి ఫోన్ చెయ్యలేదు. పొద్దున చేద్దాంలే అనుకున్నాను.

ఆ మూడేళ్ళ కథ ఆమె మాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. విని నవ్వేవాళ్ళం.

అది డెబ్బైల నాటి మాట. వాళ్ళ నాన్న జట్కా తోలేవాడు. రోజూ కూతుర్ని జట్కాలో తెచ్చి, ఎత్తుకుని, క్లాసులో గుమ్మం పక్కన కూర్చోబెట్టి వెళ్ళేవాడు. అలాంటి పిల్లని బడిలో చేర్చుకోవడమే ఆ రోజుల్లో పెద్ద విషయం. టీచర్లు ఆమెను ఏమీ అడిగేవాళ్ళు కాదు, తిట్టేవాళ్ళు కూడా కాదు. ఏటా పాస్ చేసేవాళ్ళు.

నాలుగో క్లాసు మొదటి పరీక్షలోనే సుగుణ టీచర్ అని కొత్తగా వచ్చిన ఆవిడ ఫెయిల్ చేసింది.

వాళ్ళ నాన్న చేతిలో చర్నాకోలతోనే క్లాసులోకి వచ్చేశాడట. "కాళ్ళు లేని పిల్లని ఫెయిల్ చెయ్యడానికి మీకు మనసెట్టా వచ్చిందమ్మా?"

"ఏమీ నేర్పకుండా పాస్ చెయ్యడానికి వాళ్ళకెట్టా వచ్చింది సాయిబుగారూ? ఏదీ, పేరు రాయమనండి."

రజియా అత్త పలక మీద సున్నాలు చుట్టింది. వాళ్ళ నాన్న ఆ పలక వైపే చూస్తూ నిలబడ్డాడట. చివరికి, "రేపట్నుంచి ఒక గంట ముందు తీసుకురానా అమ్మా?" అన్నాడు.

"వద్దండీ. అందరూ వచ్చేటప్పుడే రానీండి. అందరితోపాటే నేర్చుకుంటది."

మర్నాడు సుగుణ టీచర్ నల్లబోర్డుని స్టాండు మీద నుంచి దించి, నేల మీద గోడకి చేరేసింది. లెక్క చెయ్యాలంటే ఎవరైనా కూర్చునే చెయ్యాలి. పిల్లలు గొణిగారు.

"టీచర్, నడుం నొప్పెడతాందండీ."

"మూడేళ్ళు ఆ పిల్ల మెడెత్తి చూసింది. నీకు పది నిమిషాలకే నొప్పొచ్చిందా? కూచోరా!"

రజియా అత్త డేక్కుంటూ వెళ్ళి మొదటిసారి బోర్డు మీద రాసింది. తప్పు రాసింది. సుగుణ టీచర్ అందరి ముందూ తిట్టింది. "నన్ను తిట్టిందే! అందర్నీ తిట్టినట్టే తిట్టింది!" అని చెప్పేటప్పుడు అత్త ముఖం చూడాలి మీరు.

అంత విన్నదాన్ని. అదే తప్పు నేను చేశాను. ఆ మాట ఒప్పుకుందామంటే ఇప్పుడు ఆమె లేదు.

ఈరోజు బడికి వెళ్ళాను. పాప పేపర్ వెనక్కి తీసుకుని, పద్దెనిమిది కొట్టేసి రెండు వేశాను. సంగతి తెలిసి వాళ్ళ అమ్మ వచ్చి ఏడ్చింది.

"దీనికి చదువెందుకండీ టీచర్, నలుగురిలో కూర్చోనిస్తే చాలు."

"చాలదండీ" అన్నాను.

తర్వాత పాపని ఎదురుగా కూర్చోబెట్టుకుని పాఠం మొదలుపెట్టాను. బోర్డు వైపు తిరిగి రాస్తూ చెబుతున్నాను. ఎందుకో వెనక్కి చూస్తే, పాప మెడ సాచి నా ముఖం కోసం వెతుకుతోంది.

ఆ పాప వినేది నా పెదాలు చూసి. జూన్ నుంచి నేను చూపించింది నా వీపు.

చాక్‌పీస్ కింద పెట్టి, క్లాసు వైపు తిరిగి, పాఠం మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. పాప రెండు మాటలు రాసింది. ఒకటి తప్పు. తప్పని చెప్పాను.

రజియా అత్తా, వెళ్ళిరా. నీ అల్లా దగ్గర నీకు ఏ నొప్పీ లేని నిద్ర దొరకాలి.