పాత డిప్పు తీగ మీద ఊఁ

నాకు డ్యూటీ పడిందన్న కబురు మొదట తెచ్చింది లైన్‌మన్ భూమయ్య కాక. సైకిల్ దిగలేదు. ఒక కాలు మా గడప మీద ఆనించి చెప్పాడు.

"బిడ్డా, హోంగార్డుల్ల నీ పేరొచ్చింది. తుపాకి గాదు, టెలిఫోను. రేపు పొద్దుగాల బాయి మీదికి రా. ఇంత తినిరా, గాడ చాయ్ గూడ దొరకది."

మా దగ్గర బొగ్గు గనిని బాయి అంటారు. బాయి మీద అంటే గని పైన, ముఖం దగ్గర. నేను బడికి పోలేదు. మా నాన్న షిఫ్టు దిగి వచ్చి, పొయ్యి ముందు కూర్చోబెట్టి బైబిలు చదవడం నేర్పాడు. ఆ కాస్త చదువుకు ఖాకీ బట్ట దొరకడం దేవుని దయ అనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటాను.

బంగ్లాదేశ్ యుద్ధం జరుగుతున్న చలికాలం అది. ఊరు గోదావరిఖని. నేను సరిహద్దు చూడలేదు. నాకిచ్చినవి ఒక ఖాకీ చీర, మగవాళ్ల కొలతకు కుట్టిన కాన్వాస్ బూట్లు, ఒక విజిల్. బూట్ల ముందు భాగంలో గుడ్డ కుక్కుకుని నడిచేదాన్ని.

ఎక్స్ఛేంజి రేకుల గది. బాయి ముఖానికి ఎదురుగా ఉండేది. విమానాలకు వెలుగు కనపడకూడదని కిటికీలకు నల్లకాగితం అంటించారు. పగలు దాన్ని తీసే తీరిక ఎవరికీ లేదు. అందుకని మిట్టమధ్యాహ్నం కూడా లోపల బల్బు వెలగాలి. తలుపు సందులోంచి ఒక ఎండ గీత నేల మీద పడేది. దాని మీద బొగ్గు దుమ్ము తిరుగుతూ ఉండేది. అంతకు మించి పగలన్నది మాకు తెలిసేది కాదు.

గోడకు చెక్క బోర్డు. బోర్డు నిండా చిన్న చిన్న రంధ్రాలు. ఒక్కో రంధ్రం మీద ఒక రేకు మూత. అవతల ఎవరైనా ఫోను హ్యాండిల్ తిప్పితే ఇక్కడ వాళ్ల మూత టప్పున పడుతుంది. పిన్ను గుచ్చి "ఎవరు? ఎవరికి?" అని అడగాలి. రెండో పిన్ను అవతలివాళ్ల రంధ్రంలో గుచ్చితే ఇద్దరూ కలుస్తారు.

మాకు పని నేర్పింది హవల్దారు సాబ్. ఫౌజులో సిగ్నల్ పని చేసి దిగినవాడు. మొదటి రోజే ఒక గోడ మీద సుద్దతో చుక్కలు పెట్టాడు.

"ఇగో, గీ ఇండ్లన్నిటికి ఒకదాన్నుంచి ఒకదానికి తీగ గుంజుతె ఏమైతది బేటీ?"

"ఊరు సాలెగూడైతది సాబ్," అంది నా జోడీ లక్ష్మక్క. ఆమె నాకంటే ముందునుంచి బోర్డు మీద ఉంది.

"అందుకే అందరి తీగలు ఒక్క బోర్డుకు. బోర్డుకూ బోర్డుకూ నడుమ ఒక పెద్ద తీగ. మనం రామగుండానికి ఇస్తం, రామగుండం పెద్దపల్లికి ఇస్తది. నడుమల ఉన్నోడికి కబురు తోని పని లేదు. పేరు చూసి ముందటికి తొయ్యాలె, గంతే."

ఒకసారి గోదావరి మీద మా తీగ తెగింది. మందమర్రికి కబురు ఆగిపోయింది. హవల్దారు సాబ్ రామగుండం రైల్వే స్టేషన్‌కు ఫోను చేశాడు. రైలు వాళ్ల తీగ వేరు, దాని పద్ధతి వేరు. స్టేషన్ బాబు మా మాట విని, తన పద్ధతిలో తన తీగ మీద మందమర్రికి పంపాడు. అక్కడి బాబు మళ్లీ దాన్ని బాయి వాళ్లకు చెప్పాడు. ఒకరి తీగ ఇంకొకరికి తగలలేదు, అయినా కబురు ఏరు దాటింది. ఇవాళ మీ చేతుల్లో ఉన్న ఇంటర్నెట్ కూడా ఇంతేనని మా చర్చిలో కంప్యూటరు నేర్పే అమ్మాయి చెప్పింది. వేరు వేరు వలలు, వాటి నడుమ తలుపులు, ప్రతి కబురు మీద ఒక చిరునామా. ఒక దారి మూస్తే ఇంకో దారి. నాకు వింత అనిపించలేదు.

ఇంకొక నియమం ఉండేది. అన్నిటికంటే అది ముఖ్యం.

"మాట కుప్ప పొయ్యొద్దు. తునకలు చెయ్యి. ఒక్క తునక చెప్పు, అవతలోడు ఊఁ అనాలె. అప్పుడు ఇంకోటి. ఊఁ రాకుంటె మల్ల అదే చెప్పు."

"అవ్వ కథ చెప్తె ఊ కొట్టినట్టా సాబ్?" అంది లక్ష్మక్క నవ్వుతూ.

"గదే. ఊ కొట్టెటోడు పండుకుంటె కథ ఆగుతది. తీగ గూడ గంతే."

బోర్డు చివర, కింది వరసలో ఒక మూత ఉండేది. పాత డిప్పుది. బాయి లోపల పని ఆపేసిన భాగం అది. మనుషులు పోరు. ఫోను మాత్రం అక్కడే గోడకు వేలాడుతోంది. ఆ మూత ఒక్కోసారి మధ్యాహ్నం పూట తనంతట తనే పడేది. ఒక్కసారి పడి ఊరుకునేది. తీగలోకి తేమ దిగిందని భూమయ్య కాక అనేవాడు. అనేవాడే గాని, ఆ వైపు చూసేవాడు కాదు.

బాయి మనుషులకు ఒక పట్టింపు ఉంది. ఒంటి పిలుపుకు పలకరు. మనిషైతే రెండోసారి పిలుస్తాడు, ఒక్కసారి పిలిచి ఆగేది మనిషి కాదంటారు. అందుకే కింద ఎవరు ఫోను చేసినా హ్యాండిల్ రెండుసార్లు తిప్పేవారు. మేమూ మొదటిసారి మూత పడితే లేపి పెట్టి, రెండోసారి పడ్డాకే పిన్ను గుచ్చేవాళ్లం. ఫౌజు చూసిన హవల్దారు సాబ్ కూడా దీనికి అడ్డు చెప్పలేదు.

ఆ రోజు మొదటి షిఫ్టు. ఎండ గీత సన్నగా ఉంది. బాయి మీది నుంచి ఓవర్‌మన్ పిలిచాడు. కింద మనుషుల చేత పని చేయించే పెద్ద ఆయన.

"నీళ్లు వడ్డయ్ చెల్లె. పంపు ఓదెలు పలుకుతలేడు. జర నువ్వు పిలిచి చూడు."

పంపు దగ్గరి రంధ్రంలో పిన్ను గుచ్చాను. చప్పుడు లేదు, తీగ చచ్చిపోయింది. ఓదెలు కింద పంపు నడిపేవాడు. అతని దగ్గర బొగ్గు నింపే ఫిల్లర్లు ఇంకొందరు పని చేస్తున్నారు. తలలు లెక్కపెట్టేంత వ్యవధి లేకుండా మిగతావాళ్లు పరుగున పైకి వస్తున్నారు. మామూలు దారి నీళ్లలో మునిగిందని ఓవర్‌మన్ చెప్పాడు.

అప్పుడు పాత డిప్పు మూత పడింది. ఒక్కసారి.

లక్ష్మక్క నా మణికట్టు పట్టుకుంది. "ముట్టకు చెల్లె. రెండోది రానియ్."

రాలేదు. బల్బు చుట్టూ దుమ్ము తిరుగుతోంది. హవల్దారు సాబ్ నిలబడి ఆ మూత కేసే చూస్తున్నాడు. నేను ప్రభువు పేరు తలచుకుని పిన్ను గుచ్చాను.

నీళ్ల చప్పుడు. చాలా దూరంగా, కుండలో చెవి పెట్టినట్టు.

"ఎవరు?" అన్నాను.

"ఊఁ."

మాట కాదు, ఊఁ. గొంతు ఎవరిదో తెలియదు. మగ గొంతు అని మాత్రం తెలుస్తోంది.

"ఓదెలన్నా, నువ్వేనా?"

"ఊఁ."

ఓవర్‌మన్‌కు చెప్పాను. ఆయన దగ్గర బాయి నక్షా ఉంది. పాత డిప్పు పక్కన గాలి కోసం తవ్విన దారి ఒకటుందని, అది ఇంకా ఎత్తున ఉందని అన్నాడు. రెండు తీగలూ కలిపి చూశాను. ఆయనకు ఏమీ వినపడలేదు, ఆ ఊఁ అంత సన్నం. నడుమ నేనే ఉండాల్సి వచ్చింది. ఒక చెవితో ఆయన మాట విని, తునకలు చేసి కిందికి పంపాను.

"కుడిచేతి గోడ పట్టుకో."

"ఊఁ."

"రెండో అడ్డదారి కాడ తిరుగు."

ఆలస్యంగా, "ఊఁ."

"గాలి మొఖానికి తగిలే దిక్కు నడువు."

ఇంకా ఆలస్యంగా, "ఊఁ."

ఒక్కో ఊఁకు ముందు సందు పెరుగుతోంది. చెప్పాల్సినవి అయిపోయాయి. పిన్ను తీయలేదు.

కొంతసేపటికి ఓవర్‌మన్ అరిచాడు. "వచ్చిండు! ఓదెలు వచ్చిండు! ఇద్దరు ఫిల్లర్లను గూడ వట్టుకొచ్చిండు!"

లక్ష్మక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేను స్తోత్రం చెప్పుకున్నాను. సంతోషంలో పాత డిప్పు తీగ మీద కూడా చెప్పేశాను. "బయటపడ్డరు, దేవునికి స్తోత్రం."

"ఊఁ," అంది తీగ.

ఓదెలు ఎండలో, బాయి మీద ఉన్నాడు. అతని దగ్గు నాకు ఓవర్‌మన్ ఫోనులో వినిపిస్తోంది. ఇంకో చెవిలో, కింద, ఆ ఊఁ.

"ఒంటి పిలుపు పిలిచింది మనిషి గాదు, పీడ," అని లక్ష్మక్క వెనక్కి జరిగింది. "తియ్యి పిన్ను!"

నేను ఓదెలును ఫోనులోకి రమ్మన్నాను. "అన్నా, పాత డిప్పు ఫోను ఎత్తింది నువ్వు గాదా?"

"నేనేడ ఎత్తిన చెల్లె? నీళ్లకు తప్పించుకొని పాత డిప్పుల జొచ్చినం. మాతోని ఉన్న ఇంకో ఫిల్లరు, మొండయ్య, ఎత్తిండు. బండ వడ్డది, ఆయన కాళ్ల మీద. కదిలియ్య రాలె. హ్యాండిల్ అందీ అందక ఒక్కసారి తిప్పిండు. నువ్వు చెప్పింది ఇని మాకు ఒర్రిండు, మేం నడిచినం. మేం ఇన్నమని తిరిగి ఒర్రితె నీకు చెప్పిండు."

"నాకు ఊఁ అని ఒక్కటే ఇనవడ్డది."

ఓదెలు దగ్గు ఆపుకున్నాడు.

"ఊఁ ఏంది చెల్లె? గొంతు వలిగేటట్టు మొత్తుకున్నడు. ఇన్నరు, నడుస్తున్నరు, నా కాళ్లు బండ కింద ఉన్నయ్, మనిషిని పంపుండ్రి, అని. ప్రతిసారి గదే."

ఆ ఫోను నోరు పాడైపోయింది. బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. ఎంత మాట వేసినా ఒక్క ఊఁగా మారి పైకి వచ్చింది. మా దగ్గర ఊఁ అంటే విన్నాను, సరే అని. దానికి ఇంకో అర్థం ఉండొచ్చని మా గదిలో ఎవరికీ తట్టలేదు.

ఓవర్‌మన్ గడ్డపారలు పట్టించాడు. ఓదెలు నీళ్లు కారుతున్న బట్టలతోనే మళ్లీ దిగాడు. వాళ్ల వెంట భూమయ్య కాక కూడా.

హవల్దారు సాబ్ నా పక్కన వంగాడు. "పరఖ్ చెయ్యి బేటీ, ఇనవడుతుందో లేదో. రెండుసార్లు అనుమను."

"మొండన్నా, నా మాట ఇనవడితె రెండుసార్లు అను."

"ఊఁ. ఊఁ."

"మనుషులొస్తున్నరు. ఓదెలన్ననే వస్తుండు."

"ఊఁ."

ఆ ఊఁలో ఏముందో నాకు తెలియదు. ఏడుపో, నవ్వో, పిల్లల పేర్లో. నేను ఎన్నడూ చూడని మనిషి. కమాన్‌పూర్ దిక్కు పల్లె నుంచి వచ్చాడని, ఇద్దరు ఆడపిల్లలని లక్ష్మక్క మెల్లగా చెప్పింది. ఆమె వచ్చి నా పక్కనే కూర్చుంది.

"ఆపకు," అన్నాడు హవల్దారు సాబ్. "మాట్లాడుతనే ఉండు."

చెప్పడానికి కబురు ఏదీ లేదు. అందుకని మా నాన్న పొయ్యి ముందు చెప్పే కథ ఎత్తుకున్నాను. గోదావరి దాటాలని ఒక ముసలవ్వ మేకపిల్లతో పడవ ఎక్కిన కథ. తునకలుగానే చెప్పాను.

"ఒక ముసలవ్వ ఉండె."

"ఊఁ."

"ఆమెకొక మేకపిల్ల."

"ఊఁ."

మేకపిల్లకు టికెట్టు అడిగితే, అది నా మనుమరాలని ముసలవ్వ అన్నచోట రెండుసార్లు ఊఁ వచ్చింది. నవ్వాడనే అనుకున్నాను.

నీళ్ల చప్పుడు దగ్గరైంది. తర్వాత ఆ చప్పుడు కూడా తగ్గింది. గడ్డపారల వాళ్లు రెండో అడ్డదారి దాకా పోగలిగారని, అక్కడ నీళ్లు కప్పును అంటుకున్నాయని ఓవర్‌మన్ అవతలి చెవిలో చెబుతున్నాడు. నేను ఆయన మాట కిందికి పంపలేదు.

"పడవ నడి గోదాట్లకొచ్చింది," అన్నాను.

ఊఁ రాలేదు.

నియమం ప్రకారం మళ్లీ అదే చెప్పాను. "పడవ నడి గోదాట్లకొచ్చింది." మళ్లీ చెప్పాను. హవల్దారు సాబ్ ఆపలేదు. ఓదెలు పైకి వచ్చి, మా గది గుమ్మంలో తడి బట్టలతో కూలబడేదాకా, అతని వెనక నుంచి గది నిండా ఎండ పడేదాకా, చెబుతూనే ఉన్నాను.

ఆ పిన్ను మేం తీయలేదు. నీళ్లు తోడి మొండయ్యను పైకి తెచ్చేదాకా బోర్డు ఒక తీగ తక్కువతో నడిచింది. షిఫ్టు మారినప్పుడల్లా వచ్చినవాళ్లు ఒకసారి విని కూర్చునేవారు.

యుద్ధం ముగిసింది. నల్లకాగితాలు చింపేశారు. ఖాకీ చీర, బూట్లు, విజిల్ తిరిగి ఇచ్చి, చెప్పులతో ఇంటికి నడిచాను. పెళ్లి, పిల్లలు, మంచి ఇల్లు, అన్నీ దేవుడిచ్చాడు, దేనికీ లోటు చేయలేదు. ఆ కథ మాత్రం మా పిల్లలకు చెప్పలేదు. చెప్పబోతే పడవ ఏటి నడుమ ఆగిపోతుంది. కింద ఎక్కడో నల్లటి నీళ్లలో గోడకు వేలాడే ఫోను కనిపిస్తుంది, దాని ముందు నేనెరుగని ఒక ముఖం.

ఓదెలన్న ముసలివాడై పోయాడు. ఆ ఇద్దరు ఫిల్లర్లకు మనవలు పుట్టారు. వాళ్లంతా ఒక మనిషి గొంతు పట్టుకుని నడిచి వచ్చినవాళ్లు. మీరు ఏ దేవుణ్ణి మొక్కినా సరే, గుడికో చర్చికో దర్గాకో పోయిన రోజు ఒక్క పేరు అక్కడ చెప్పండి. మొండయ్య. కమాన్‌పూర్ దిక్కు మనిషి. బొగ్గు నింపేవాడు.